గ్లాసులో మడ్డి ఎక్కడిది?

ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి, పామూరు వైపు బోరు నీళ్లు తాగే ఇళ్లకు ఫిల్టర్లు అమ్మేవాళ్లు వచ్చినప్పుడు ఒక తమాషా చూపిస్తుంటారు. రెండు గాజు గ్లాసులు. ఒకదాంట్లో ఆ ఇంటి బోరు నీళ్లు, రెండోదాంట్లో ఆర్‌వో నీళ్లు. నాలుగు కడ్డీలున్న చిన్న పెట్టెను రెండింటి మీదా ఆనించి ప్లగ్గు పెడతారు. కాసేపట్లో బోరు గ్లాసులో ఆకుపచ్చ నురగ లేస్తుంది, ఆపైన గోధుమరంగు మడ్డి. ఆర్‌వో గ్లాసు మాత్రం తేటగానే ఉంటుంది. "చూడమ్మా, మీ పిల్లలు తాగేది ఇదే" అంటాడు వచ్చినాయన.

మడ్డి నిజమే. కాకపోతే అది నీళ్లలోంచి రాలేదు, కడ్డీలోంచి వచ్చింది.

ఆ పెట్టెలో సాధారణంగా గ్లాసుకొక ఇనప కడ్డీ, ఒక అల్యూమినియం కడ్డీ ఉంటాయి. కరెంటు ఒకే వైపు పారేలా లోపల డయోడు పెడతారు. ఇనప కడ్డీ ఆనోడ్, అంటే ధన ధ్రువం, అవుతుంది. అక్కడ ఒక్కో ఇనుము పరమాణువు రెండు ఎలక్ట్రాన్లు వదిలేసి, ఫెర్రస్ అయానుగా (ఆవేశమున్న ఇనుము కణంగా) మారి నీళ్లలోకి దిగుతుంది. కాథోడ్ (రుణ ధ్రువం) దగ్గర నీటి అణువులు ఎలక్ట్రాన్లు తీసుకుని హైడ్రోజన్ బుడగలు వదులుతాయి, హైడ్రాక్సైడ్ అయాన్లు మిగులుతాయి. ఈ రెండు రకాల అయాన్లూ కలిస్తే ఫెర్రస్ హైడ్రాక్సైడ్, మనకు కనిపించిన ఆకుపచ్చ. దానికి గాలిలోని ఆక్సిజన్ తగిలితే గోధుమరంగు ఫెర్రిక్ హైడ్రాక్సైడ్. తుప్పుకి దగ్గరి చుట్టమే.

మరి ఆర్‌వో నీళ్లు ఎందుకు మారలేదు? వాటిలో అయాన్లు తక్కువ. కరెంటు సరిగా పారదు, కడ్డీ కరగదు. అంతే.

దీన్ని బల్ల మీద తేల్చుకోవచ్చు. 230 వోల్టుల జోలికి మాత్రం వెళ్లొద్దు. 9 వోల్టుల బ్యాటరీ చాలు. రెండు మామూలు ఇనప మేకులు, రెండు క్లిప్పు వైర్లు, 200 మిల్లీలీటర్ల గ్లాసులు మూడు తీసుకోండి. మూడింట్లోనూ ఆర్‌వో నీళ్లే పోయండి. ఒకదాన్ని అలాగే ఉంచండి. రెండోదాంట్లో ఒక చెంచా పంచదార, మూడోదాంట్లో చిటికెడు ఉప్పు వేసి కరిగేదాకా కలపండి. మేకులు రెండు సెంటీమీటర్ల ఎడంలో, మూడు నాలుగు సెంటీమీటర్ల లోతు మునగాలి, క్లిప్పులు తడవకూడదు. ఒక్కో గ్లాసుకి పది నిమిషాలు. గ్లాసు మార్చేటప్పుడు మేకులు కడిగి తుడవండి.

మొదటి గ్లాసులో చెప్పుకోదగ్గ మార్పు ఉండదు. పంచదార గ్లాసూ అంతే. ఉప్పు గ్లాసులో మాత్రం ఫిల్టరాయన చూపించిన మడ్డే తయారవుతుంది. మనం వేసింది ఇంట్లో రోజూ తినే ఉప్పు!

ఇక్కడే పాఠమంతా ఉంది. ఉప్పు స్ఫటికంలో సోడియం క్లోరైడ్ అణువులు విడివిడిగా ఉండవు. సోడియం ధన అయాన్లు, క్లోరైడ్ రుణ అయాన్లు ఇటుకల్లా పేర్చినట్టు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కదలడానికి చోటు లేదు కాబట్టి పొడి ఉప్పులో మేకులు గుచ్చినా కరెంటు పారదు. 801 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించినా, మామూలు నీళ్లలో వేసినా ఆ పట్టు సడలుతుంది. పంచదార కూడా కరుగుతుంది, కానీ అణువులు అణువులుగానే. వాటికి ఆవేశం లేదు. అందుకే పంచదార నీళ్లలో టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం) మీటరు ముంచినా అంకె పెద్దగా కదలదు. ఆ మీటరు కొలిచేది విద్యుద్వాహకతను; దాన్ని ఒక గుణకంతో హెచ్చించి మిల్లీగ్రాముల్లో చూపిస్తుంది.

ఇలా కరెంటు పంపి రసాయన మార్పు తెప్పించడాన్ని విద్యుద్విశ్లేషణ అంటారు. ఆ పేరే చాలామందిని పెడదారి పట్టిస్తుంది. కరెంటు వచ్చి ఉప్పును అయాన్లుగా విడగొడుతుందని పరీక్షల్లో రాసేస్తుంటారు. విడగొట్టే పని నీళ్లు ముందే చేసేశాయి. కరెంటు ఆ అయాన్లను నడిపిస్తుంది, ధ్రువాల దగ్గర ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోళ్లు జరిపిస్తుంది. 1834లో ఫారడే వాడుకలోకి తెచ్చిన 'అయాన్' అనే మాటకు గ్రీకులో అర్థం 'వెళ్లేది' అనే. ఇంకో పొరపాటు: కాథోడ్ వైపు సోడియం వెళ్తుంది కనుక అక్కడ సోడియం లోహం వస్తుందనుకోవడం. నీళ్లుండగా రాదు. సోడియం అయానుకంటే నీరే సులువుగా ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది.

మడ్డి ఎంతో లెక్క కట్టొచ్చు కూడా. మల్టీమీటరు 50 మిల్లీయాంపియర్లు చూపిస్తోందనుకోండి. 600 సెకన్లలో 30 కూలుంబులు. 96,485 కూలుంబులకు ఒక మోల్ ఎలక్ట్రాన్లు, ఇనుము పరమాణువుకి రెండు చొప్పున. అంటే సుమారు 8.7 మిల్లీగ్రాముల ఇనుము మేకులోంచి దిగింది. 200 మిల్లీలీటర్లలో అది లీటరుకు 43 మిల్లీగ్రాములకు పైనే. ఆ నీళ్లు పారబోయండి.

తేడా కొట్టేవి కొన్ని ఉన్నాయి. మేకులకు జింకు పూత ఉంటే ముందు తెల్లటి దూదిలాంటిది వస్తుంది, గోధుమరంగు ఆలస్యమవుతుంది. రాగి తీగ ముంచితే నీలిపచ్చ. ఏది కాథోడో తెలియకపోతే బుడగలు ఎక్కువ వచ్చేదే అనుకోండి.

ఇప్పుడు మేకులు తీసేసి, రెండు వైపులా చెక్కిన పెన్సిళ్లు పెట్టండి. అదే ఉప్పు నీళ్లు, అదే బ్యాటరీ. గోధుమరంగు జాడ ఉండదు. ఆనోడ్ దగ్గర పెన్సిలు ములుకులోని గ్రాఫైటు రాలి కాస్త నల్లపొడి పడొచ్చు, బ్లీచింగు వాసన తగలొచ్చు. అది క్లోరిన్, కిటికీ తీసి ఉంచండి. ఉప్పు గుప్పెళ్లతో వెయ్యొద్దు. పసుపు రాసిన తెల్లగుడ్డ పేలికను తడిపి కాథోడ్‌కి ఆనిస్తే పారాణి ఎర్రన తేలుతుంది. పసుపులో సున్నం కలిపితే జరిగేదీ ఇదే, క్షారం పని. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల కల్లుప్పు కడగకుండా వాడితే ఇంకొకటి కనబడొచ్చు: కాథోడ్ చుట్టూ తెల్లటి మబ్బు. సముద్రపు ఉప్పులో మిగిలిన మెగ్నీషియం, హైడ్రాక్సైడ్‌గా పేరుకోవడం అది. వర్షాకాలంలో కల్లుప్పు చెమ్మగిల్లడానికీ ఆ మెగ్నీషియం క్లోరైడే కారణం.

అంటే ఆర్‌వో మోసమని కాదు. కనిగిరి ప్రాంతంలో అసలు భయం ఫ్లోరైడు. మంచి ఆర్‌వో పొర దాన్ని చాలావరకు తీసేస్తుంది, కాచి వడగట్టడం తియ్యలేదు. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా పర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే 1.5. టీడీఎస్ 1,000 ఉన్న నీళ్లలో ఫ్లోరైడు 4 ఉన్నా, మొత్తంలో వెయ్యింట నాలుగు వంతులే. మీటరుకి అది విడిగా తెలియదు, కడ్డీల పెట్టెకు అసలే తెలియదు. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో తేలుతుంది. నమూనా పట్టేటప్పుడు బోరు అయిదు నిమిషాలు వదిలి, లీటరు నీళ్లు ప్లాస్టిక్ సీసాలో తీసుకెళ్లండి. గాజుతో ఫ్లోరైడు చర్య జరిపే వీలుంది, అంకె తక్కువ పడొచ్చు.