ఎనిమిదో తరగతి తడబాటు వెనక రెండు వందల ఏళ్లు

ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి నిలబడి తెలుగు వాచకం చదువుతుంటాడు. రెండు వాక్యాలు బాగానే సాగుతాయి. 'స్త్ర' వచ్చిన చోటో, 'జ్ఞ' వచ్చిన చోటో ఆగిపోతాడు. వెనక బెంచీ పిల్లలు అందిస్తే ముందుకు కదులుతాడు. పేరా అయ్యాక అందులో ఏముందో చెప్పమంటే తల దించుకుంటాడు. నిన్న ఇదే పిల్లవాడు పద్యం అప్పజెప్పాడు, ఒక్క అక్షరం తప్పు పోలేదు.

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల హైస్కూళ్లలో తెలుగు చెప్పేవాళ్లను ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. నేనూ ఆ పని చేసేవాడినే. ప్రైమరీలో సరిగా నేర్పలేదని మేమంటాం. ఇంట్లో పట్టించుకోవడం లేదని ప్రైమరీ వాళ్లంటారు. పల్లె పిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో ఇంటింటికీ వెళ్లి చూసే అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామాల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 73 శాతం ఉంటే, 2022లో 70 శాతానికి తగ్గారు. కరోనా సెలవుల దెబ్బ అందులో ఉంది. అయితే పద్యం నోటికి వచ్చి, పేరా చదవలేకపోవడం కరోనాతో మొదలైనది కాదు.

వీధిబడి నుంచి మొదలుపెడితే ఇది అర్థమవుతుంది. పిల్లలు ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దేవాళ్లు. తర్వాత గుణింతాలు, ఎక్కాలు, శతక పద్యాలు, అమరకోశమనే సంస్కృత నిఘంటువు. అన్నీ గొంతెత్తి వల్లించడమే. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ప్రెసిడెన్సీలోని బడులన్నీ లెక్క తీయమన్నాడు. 1826 నాటికి తేలిన లెక్క 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు. చిత్తూరు ఉత్తర ఆర్కాటులోనూ, మదనపల్లె కడప జిల్లాలోనూ ఉండేవి. కడపలాగే, నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్తమండలాల్లోదైన బళ్లారికి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్. తెలుగు వ్యాకరణం రాసినవాడు, భాష తెలిసినవాడు. తన జిల్లాలో 533 బడులున్నాయని 1823లో నివేదిక పంపుతూ ఒక మాట రాశాడు. పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు అప్పజెబుతారు గానీ, నేర్పిన పలుకుల గురించి చిలకకు తెలిసినంతే వాళ్లకు ఆ పద్యాల అర్థం తెలుసునన్నాడు. పద్యాల భాష ఒకటి, పిల్లలు మాట్లాడే భాష ఒకటి కావడమే కారణమని కూడా చెప్పాడు.

ఆ చదువును తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. మన పల్లెల్లో బడి మొహం చూడని ముసలివాళ్ల నోట వేమన పద్యాలు పలికాయంటే ఆ వల్లింపు చలవే. మన జిల్లాలో ద్రౌపదమ్మ, ధర్మరాజుల గుళ్ల దగ్గర ఇప్పటికీ పద్దెనిమిది రోజులు భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి నాటకం. పాఠంలో భీముడి గురించి రెండు వాక్యాలు రాయలేని పిల్లవాడు, దుర్యోధనుడు పడే రోజు సంగతి అరగంట చెబుతాడు. సాహిత్యం పిల్లలకు దూరంగా లేదు. చెవినుంచి నోటికి వచ్చిన సాహిత్యాన్ని కంటికీ చేతికీ అందించే పని బడి తన పనిగా అనుకోలేదు. అంతే.

ఇంగ్లీషు ప్రభుత్వం బడుల్లో అచ్చు పుస్తకాలు వచ్చాయి. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో వచ్చాక, గ్రాంథికంలో, అంటే పాత కావ్యాల భాషలో, రాస్తేనే తెలుగు అన్న అభిప్రాయం బడుల్లో గట్టిపడింది. పిల్లవాడు చదివేదే కాదు, రాసేది కూడా తనది కాని భాష అయింది. 1906 తర్వాత గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు, స్కూళ్ల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ దీన్ని గట్టిగా ప్రశ్నించారు. 1912–13లో స్కూల్ ఫైనల్ వ్యాసాన్ని వాడుక భాషలోనూ రాయవచ్చని అనుమతి వచ్చింది కూడా. పండితుల నుంచి, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు నుంచి ఒత్తిడి పెరిగేసరికి కొద్ది కాలానికే అది రద్దయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1911లో, చిత్తూరు జిల్లా ఏర్పడింది. మద్రాసు ప్రెసిడెన్సీ పరీక్షే మన పిల్లల పరీక్ష కాబట్టి ఆ రద్దు ఇక్కడి హైస్కూళ్లకూ వర్తించింది. పరీక్షలో తన మాట రాసుకునే అవకాశం ఇలా వచ్చి అలా పోయింది.

హైస్కూలు తెలుగు క్లాసు నడిచే తీరు కూడా అప్పటినుంచి వచ్చిందే. ఆ క్లాసు తెలుగు పండితుడిది. తిరుపతి దేవస్థానం వారి ప్రాచ్య కళాశాల లాంటి చోట్ల విద్వాన్, భాషాప్రవీణ చదివి వచ్చిన అయ్యవార్లు మన జిల్లా బడులకు తెలుగు చెప్పారు. కావ్యం, వ్యాకరణం, అలంకారశాస్త్రం వాళ్లకు కొట్టినపిండి. తాము నేర్చుకున్న పద్ధతిలోనే నేర్పారు. రాగయుక్తంగా పద్యం చదవడం, పదచ్ఛేదం, ప్రతిపదార్థం, తాత్పర్యం. నాకు తెలుగంటే ప్రాణమైంది అలాంటి ఒక అయ్యవారి గొంతు విని. ఆ రుణం తీరేది కాదు. కానీ ఒత్తులు కూడబలుక్కునే పిల్లవాడికి ఏడో తరగతిలో చదవడం ఎలా నేర్పాలో ఆ కోర్సులు చెప్పలేదు. హైస్కూలుకు వచ్చేసరికి చదవడం వచ్చేసి ఉంటుందన్న నమ్మకం మీద సిలబస్ మొత్తం కట్టారు. ఆ నమ్మకం తప్పినప్పుడు పిల్లవాడిని ఆదుకునే పీరియడు టైమ్‌టేబుల్లో లేదు. పరీక్షలో ప్రతిపదార్థం అడుగుతారు గనుక ప్రతిపదార్థం బట్టీ పట్టారు. తాత్పర్యం గైడులో దొరికింది. రాయడమంటే బోర్డు మీదిదో, గైడులోదో నోటుబుక్కులోకి ఎక్కించడమే అయిపోయింది.

మన ప్రాంతానికి ఇంకో చిక్కుంది. 1960లో తిరుత్తణి మద్రాసుకు పోయి, సత్యవేడు ప్రాంతం మనకు వచ్చింది. సత్యవేడు, నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు ఎందరో. ఇంట్లో తెలుగే ఉన్నవాళ్లదీ పుస్తకం తెలుగు కాదు. 'ఉండాది', 'పిలకాయలు', 'చెనిక్కాయలు', 'కయ్య' అంటూ పెరిగిన బిడ్డ వ్యాసంలో ఆ మాట రాస్తే ఎర్రసిరా సున్నా చుట్టేవాళ్లం. నేనూ చుట్టాను. ఆ సున్నా చూసిన పిల్లవాడు మరోసారి సొంత వాక్యం రాయడు, గైడు వాక్యమే రాస్తాడు. ఈ జిల్లా నుంచే నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ఆ మాటలతోనే కథలు రాసి తెలుగువాళ్లందరి చేతా చదివించాడు. దామలచెరువులో బడిపంతులుగా పనిచేసిన మధురాంతకం రాజారాం ఈ పల్లెల బతుకును కథలుగా మలిచి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చారు. పెద్దవాళ్లు రాస్తే సాహిత్యమైన పలుకు, పిల్లలు రాస్తే తప్పయింది.

మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం 1980ల చివరినుంచి వేరే దారి పట్టింది. చిన్న చిన్న కార్డులు, మెట్టుమెట్టుగా ఎక్కే వరస, ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవడం, ఊరివాళ్ల దగ్గర సేకరించిన కథలు. ఆ పద్ధతి ఎన్నో రాష్ట్రాలకు వెళ్లింది. అయితే అది ప్రాథమిక తరగతుల కోసం చేసింది. హైస్కూలు గడప దాటి లోపలికి రాలేదు.

హైస్కూలుకు మార్పు 2012–14 మధ్య కొత్త పాఠ్యపుస్తకాలతో వచ్చింది. అవగాహన–ప్రతిస్పందన, స్వీయరచన, సృజనాత్మకత, ప్రాజెక్టు పని అని అభ్యాసాలు మారాయి. సూటిగా చెబుతున్నా, నేను చూసిన తెలుగు పుస్తకాల్లో ఇంత మంచి ఆలోచనతో చేసినవి లేవు. చదవని పేరా ఇచ్చి ప్రశ్నలడగడం, కవితనో సంభాషణనో పిల్లలనే రాయమనడం వందేళ్ల కిందట గిడుగు పోరాడినదానికి దగ్గరి పని. ఏడాది తిరక్కుండానే స్వీయరచనకు జవాబులు గైడుల్లో వచ్చేశాయి. 'మీ ఊరి జాతర గురించి రాయండి' అంటే నలభై మంది ఒకే జాతర రాసిన పేపర్లు నేను దిద్దాను. పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు. మార్కులు పోతాయన్న టెన్షన్ వాళ్లకంటే మాకే ఎక్కువ.

తర్వాత మీడియం గొడవ. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లీషు మీడియం అంటూ ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ పైన ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ఇతర సబ్జెక్టుల పుస్తకాలు వచ్చాయి. 2025 మార్చిలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు రాసినవాళ్లలో అత్యధికులు ఇంగ్లీషు మీడియం వాళ్లే. ఇదివరకు సైన్సులోనో సోషల్‌లోనో నాలుగు వాక్యాలు తెలుగులో రాసుకున్న పిల్లలకు ఇప్పుడు రోజంతటిలో తెలుగు చదివి, తెలుగు రాసే చోటు మా క్లాసు ఒక్కటే. ఆ నలభై, నలభై ఐదు నిమిషాల్లోనే పద్యం, గద్యం, ఉపవాచకం, వ్యాకరణం, స్లిప్ టెస్టు అన్నీ పడతాయి. 'స్త్ర' దగ్గర ఆగిపోయిన పిల్లవాడి పక్కన కూర్చోవడానికి మిగిలేది అందులో ఐదు నిమిషాలు. క్లాసులో అలాంటివాళ్లు పది మంది ఉంటారు.