పాత కార్ల వేలంలో ఇంజిన్ నంబరు గొడవ ఎక్కడిది?

2014 జనవరిలో అరిజోనా రాష్ట్రం స్కాట్స్‌డేల్‌లో జరిగిన బారెట్-జాక్సన్ వేలంలో షెవర్లే కంపెనీ స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో 1967 నాటి ఎర్ర కూపే ఒకటి కమీషనుతో కలిపి 38.5 లక్షల డాలర్లు పలికింది. అంతకు కొన్ని నెలల ముందు డాలస్‌లో మేకమ్ సంస్థ పెట్టిన వేలంలో అదే ఏడాది కన్వర్టిబుల్ పాట 32 లక్షల డాలర్ల దగ్గర ముగిసింది. రెండూ ఎల్88 అనే రేసు ఇంజిన్ ఉన్న కార్లే. 1967 మోడల్‌లో షెవర్లే 22,940 కార్వెట్లు తయారుచేస్తే ఎల్88 ఇంజిన్‌తో బయటికొచ్చినవి 20 మాత్రమే. ఫలానా బండి ఆ ఇరవైలో ఒకటని చెప్పే ముఖ్యమైన సాక్ష్యం ఇంజిన్ బ్లాక్ ముందుభాగంలో, కుడి హెడ్ (సిలిండర్ల మీద మూతలా బిగించే భాగం) అంచున ఉండే చిన్న చదును. దాని మీద పంచ్ కొట్టిన కొన్ని అక్షరాలు, అంకెలు. ‘మ్యాచింగ్ నంబర్స్’ (బండితో పుట్టిన ఇంజినే ఇప్పటికీ అందులో ఉందని నంబర్లు చెప్పడం) పేరుతో పాత కార్ల వ్యాపారంలో నడిచే గొడవలో ఎక్కువ భాగం ఆ చదును గురించే. ఇంటి షెడ్డులో ఇంజిన్ విప్పి కట్టేవాళ్ళు తెలియక పాడుచేసేదీ దాన్నే.

ఆ నంబర్లు కలెక్టర్ల కోసం కొట్టినవి కావు. కార్వెట్లు అప్పట్లో సెయింట్ లూయిస్‌లో తయారయ్యేవి. చిన్న వీ8 ఇంజిన్లు మిషిగన్‌లోని ఫ్లింట్ నుంచి, పెద్దవి న్యూయార్క్ రాష్ట్రంలోని టోనవాండా నుంచి వచ్చేవి. ఒకే సైజు ఇంజిన్ నాలుగైదు రకాలుగా వస్తుంటే ఏది ఏ బండికి ఎక్కాలో లైన్ మీద పనిచేసేవాడికి చూడగానే తెలియాలి. అందుకని ఇంజిన్ కట్టిన చోటే ప్లాంటు అక్షరం, నెల, తేదీ, రకాన్ని చెప్పే రెండక్షరాలు కొట్టి పంపేవారు. ఏప్రిల్ 15న టోనవాండాలో కట్టిన 1967 ఎల్88 మీద ‘టి0415ఐటీ’ అని ఉంటుంది. అది సెయింట్ లూయిస్ చేరాక బండి సీరియల్ నంబరును అదే చదును మీద విడిగా కొట్టేవారు. కార్వెట్‌కు ఈ పద్ధతి 1960ల మొదట్లోనే ఉంది. 1968 మోడల్ నుంచి జనరల్ మోటార్స్ మిగతా కార్లకూ పాకింది.

రెండు ఊళ్ళలో, వేర్వేరు పనిముట్లతో కొట్టిన పంచింగులు ఒకే చదును మీద ఉంటాయన్నమాట. అక్షరాల సైజు, లోతు, వరస రెండింటికీ కొంత తేడాగా ఉండటమే సహజం. రెండూ ఒకే చెయ్యి కొట్టినట్టు అచ్చుగుద్దినట్టుంటే అనుమానించాల్సిందే.

దీనికి తోడు బ్లాక్ పోత పోసినప్పుడు అచ్చులోనే వచ్చే తేదీ ఒకటుంది. నెలకు అక్షరం (జనవరికి ఎ, డిసెంబరుకు ఎల్), తర్వాత రోజు, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. ‘డి 4 7’ అంటే 1967 ఏప్రిల్ 4. ముందు పోత, తర్వాత ఇంజిన్ కట్టిన రోజు, ఆ తర్వాత బండి తయారైన రోజు. ఈ వరస తిరగబడడానికి వీల్లేదు. ఇంజిన్ కట్టిన తేదీ ఏప్రిల్ 15 అని పంచింగు చెబుతుంటే బ్లాక్ పోత తేదీ మే నెలది అయితే ఇంకేమీ చూడనక్కర్లేదు. ఎవరో వేరే బ్లాక్ తెచ్చి నంబరు కొట్టారు.

ఎల్88 దగ్గరే ఈ మోసానికి అంత ఆశ ఎందుకంటే, అదే 427 ఘనాంగుళాల బ్లాక్‌తో మామూలు ఇంజిన్లూ వేలల్లో వచ్చాయి. కంపెనీ కాగితం మీద ఎల్88కు 430 హార్స్‌పవర్ అని, దాని తమ్ముడు ఎల్71కు 435 అని రాసింది. అసలు లెక్కలో ఎల్88 ఐదొందలు దాటుతుంది. రోడ్డు మీద తిప్పేవాళ్ళు దాన్ని కొనకూడదనే ఆ తక్కువ అంకె. దాని అల్యూమినియం హెడ్లు, పెద్ద హోలీ కార్బురేటర్, 12.5 కంప్రెషన్ పిస్టన్లు ఇప్పటికీ డబ్బు పెడితే దొరుకుతాయి. దొరకనివి ‘ఐటీ’ అనే రెండక్షరాలు. ఎల్71 మీద ఉండేది ‘జేఈ’.

అసలు ఇంజిన్లు ఎక్కడికి పోయాయంటే, వాటిని వాడారు. ఎల్88 రేసు కోసం చేసినది, రేసుల్లోనే పగిలింది. వారంటీ ఉన్న బండికి డీలరు కొత్త బ్లాక్ వేస్తే దాని మీద ‘సీఈ’ అక్షరాలు ఉండేవి, అంటే కంపెనీయే మార్చి ఇచ్చిన బ్లాక్. అది నిజాయితీ గల గుర్తు. అలాంటి బ్లాక్ ఉన్న బండిని, దొంగ పంచింగు ఉన్న బండిని ఒకే గాటన కట్టడం అన్యాయం. 1973 చమురు సంక్షోభం తర్వాత లీటర్లకు లీటర్లు తాగే పెద్ద ఇంజిన్ బండ్లు చవగ్గా చేతులు మారాయి. అరిగిన 427ను తీసి పారేసి తేలికగా దొరికే 350 వేసుకోవడం అప్పట్లో తెలివైన పనే. పాత బ్లాక్ ఇనుము ధరకు పోయింది.

అదే కాలంలో ఇంకో వైపు మార్కెట్ కూడా తయారవుతోంది. బారెట్-జాక్సన్ తొలి వేలం, ఇండియానాలోని ఆబర్న్‌లో క్రూస్ వేలం 1971లోనే మొదలయ్యాయి. 1973లో ఇల్లినాయిలోని బ్లూమింగ్టన్‌లో కార్వెట్ల పోటీ, 1974లో కార్వెట్ రీస్టోరర్ల జాతీయ సంఘం ఎన్‌సీఆర్‌ఎస్ వచ్చాయి. బండి ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలనే కొలతను హోస్ క్లాంపుల దాకా రాసిపెట్టింది ఇలాంటి సంఘాలే. వాళ్ళ ఉద్దేశం మంచిదే. అయితే 1980ల చివర్లో ధరలు ఆకాశానికి లేచేసరికి, అభిమానులు మార్కులు వేసుకోవడానికి పెట్టుకున్న కొలత కాస్తా ధర నిర్ణయించే కొలత అయింది. నంబరు లేనివాడికి నంబరు కావాల్సి వచ్చింది.

షెవర్లే విషయంలో ఇది మరీ ముదరడానికి కారణం కాగితాలు లేకపోవడం. ఫోర్డ్ కారైతే 1967 నుంచి బండి ఎలా తయారైందో చెప్పే మార్టీ రిపోర్ట్ కంపెనీ సమాచారంతో వస్తుంది. పాంటియాక్‌కు పీహెచ్ఎస్ (పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్) ఇచ్చే కాగితాలున్నాయి. కెనడాలో అమ్మిన కార్లకు అక్కడి జనరల్ మోటార్స్ వివరాలిస్తుంది. అమెరికాలో అమ్మిన షెవర్లేకు మాత్రం ఏ బండిలో ఏ ఇంజిన్ పెట్టి పంపారో చెప్పే కంపెనీ రికార్డు లేదు. మిగిలింది రెండు: వారంటీ పుస్తకంలో అతికించి ఇచ్చిన ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే లోహపు రేకు, 1967 నుంచి పెట్రోల్ ట్యాంకు పైన అంటించిన బిల్డ్ షీటు, అంటే బండిలో ఏమేం పెట్టాలో రాసిన ఫ్యాక్టరీ కాగితం. రేకు పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ. షీటు ట్యాంకుకూ బాడీకీ మధ్య చిక్కుకుని, చిందిన పెట్రోల్‌కు నాని, పొడిపొడిగా మారుతుంది. అందుకే మొత్తం భారం ఆ చదును మీద పడింది.

దొంగ పంచింగు ఎలా పట్టుబడుతుందో చూద్దాం. ఫ్యాక్టరీలో బ్లాక్ పైభాగాన్ని బ్రోచింగ్ మెషిన్ మీద ఒక్క లాగుడుతో చదును చేసేవారు. అందుకే అసలు చదును మీద ముందునుంచి వెనక్కి సన్నని గీతలు తిన్నగా నడుస్తాయి. బయటి షాపుల్లో తిరిగే కట్టరుతో ఫేసింగ్ చేస్తే, అంటే పైపొర చెక్కి చదును చేస్తే, గీతలు వంపు తిరుగుతాయి. టార్చిలైటును ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు చదునుకు సమాంతరంగా వేస్తే ఈ తేడా తెలుస్తుంది. దొంగలూ ఇది నేర్చుకున్నారు. పాత నంబరును చెరిపి, ఎమరీతో తిన్నని గీతలు లాగి, కొత్త నంబరు కొడతారు. అలాంటప్పుడు హెడ్ కింద దాగిన డెక్ (బ్లాక్ పైతలం) మీద గీతలు ఒకలా, బయటి చదును మీద ఇంకోలా ఉంటాయి. హెడ్ విప్పిన రోజున ఇది దాగదు. వేలం వేదిక దగ్గర ఎవరూ హెడ్ విప్పనివ్వరు, అదే చిక్కు. బండిని ‘ఉన్నది ఉన్నట్టు’ అమ్ముతారు. కేటలాగులో ‘అసలు ఇంజిన్‌గా భావిస్తున్నాం’ అని ఉంటే, అది హామీ కాదు.

అసలు అంటే ఏమిటన్న ప్రశ్నకు బ్రిటన్‌లో ఒక కోర్టు ఇంకో రకంగా జవాబిచ్చింది. 1929, 1930 లమాన్ రేసులు రెండూ గెలిచిన బెంట్లీ ‘ఓల్డ్ నంబర్ వన్’ను 1990లో మిడిల్‌బ్రిడ్జ్ అనే సంస్థ కోటి పౌండ్లకు కొనడానికి ఒప్పుకుని, ఇది అసలు బండి కాదంటూ వెనక్కి తగ్గింది. నిజంగానే ఛాసిస్, ఇంజిన్, బాడీ కాలక్రమంలో మారాయి. 1932లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద ఘోర ప్రమాదమూ జరిగింది. జస్టిస్ ఆటన్ తీర్పు ఏమిటంటే, ఇందులో 1929 నాటి భాగాలు పెద్దగా మిగల్లేదు, అయినా మార్పు ఒక్కొక్కటీ ఒకే బండి బతుకులో వరసగా జరిగింది, మధ్యలో వేరే బండి ఏదీ ఆ పేరు పెట్టుకోలేదు కాబట్టి ఇదే ఓల్డ్ నంబర్ వన్. రేసు కార్లకు ఈ వాదన బాగా సరిపోతుంది. వేలల్లో తయారైన కార్వెట్‌కు అలా వరస తప్పని చరిత్ర సాధారణంగా దొరకదు. అందుకే అమెరికాలో మాట మళ్ళీ పంచింగు దగ్గరికే వస్తుంది.

ఇక షెడ్డు సంగతి. చదును, హెడ్ కూర్చునే డెక్ రెండూ ఒకే మట్టంలో ఉన్న ఒకే లోహం. బోరింగ్ షాపుకు బ్లాక్ ఇచ్చి ‘ఫేసింగ్ చేయండి’ అంటే ఐదు నుంచి పది థౌ తీస్తారు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పంచింగు లోతే కొన్ని థౌలు కాబట్టి అది కూడా పోతుంది. షాపువాడి తప్పు లేదు, చెప్పలేదు కనుక చేశాడు. చెప్పాల్సింది నోటితో కాదు, బిల్లు మీద రాయించాలి: ‘నంబరు చదును తాకరాదు’. కట్టరు వ్యాసం పెద్దదైతే డెక్ దాటి చదును మీదికి వెళ్తుంది కాబట్టి, అక్కడిదాకా రాకుండా ఆపగల సెటప్ ఉందా అని ముందే అడగాలి.

చాలాసార్లు ఫేసింగే అవసరం ఉండదు. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజితో చూస్తే వంపు రెండు మూడు థౌల లోపే ఉంటుంది. ఫ్యాక్టరీ వాడింది బ్లాక్‌కూ హెడ్‌కూ మధ్య 15 నుంచి 18 థౌల పలుచని రేకు గ్యాస్కెట్, అది అద్దంలాంటి ఉపరితలం కోరుతుంది. దాని బదులు 39 థౌల కాంపోజిషన్ గ్యాస్కెట్ వేస్తే చిన్న లోపాలను అదే సర్దుకుంటుంది. 4 అంగుళాల బోరున్న 327 ఇంజిన్‌లో ఈ 21 థౌల తేడా సిలిండరుకు సుమారు 4.3 సీసీ కలుపుతుంది. కంప్రెషన్ 11 నుంచి దాదాపు 10.4కు దిగుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌కు అది మేలే, నాకింగ్ తగ్గుతుంది.

శుభ్రం చేయడంలోనూ నష్టం జరుగుతుంది. డ్రిల్లుకు వైర్ బ్రష్ తగిలించి జిడ్డు, రంగు గీకేస్తే బ్రోచింగ్ గీతలు అరిగి, నిజమైన నంబరే దొంగ నంబరులా కనిపిస్తుంది. రంగు తీసే ద్రావకం పూసి, కాసేపు నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో తుడవడమే సరైన పద్ధతి. ఎమరీ పేపర్ దగ్గరికి రానివ్వకూడదు. షాట్ బ్లాస్టింగ్‌కు పంపితే చదును మీద రేకు ముక్క బిగించి పంపాలి. ఇంజిన్ దించకముందే పక్కవెలుతురులో ఫోటోలు తీసి, పల్చని కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు తీసుకోవాలి. ట్యాంకు దించేటప్పుడు బిల్డ్ షీటును పీకకుండా, ముందు ఉన్నచోటే ఫోటో తీయాలి. సగం చదవగలిగినా అది సాక్ష్యమే.

బాడీకి రంగు వేసేటప్పుడు విన్ ప్లేటు (బండి గుర్తింపు నంబరున్న రేకు) జోలికి పోకపోవడం ఇంకా ముఖ్యం. 1959 నాటి కార్వెట్ ఒకదానికి రీస్టోరేషన్‌లో ప్లేటు ఊడదీసి మళ్ళీ అదే ప్లేటు బిగించారు. 2017లో కొత్త యజమాని దాన్ని కాన్సాస్ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్‌కు తీసుకెళ్తే పోలీసులు స్వాధీనం చేసుకున్నారు. దొంగ బండి అని ఎవరూ అనలేదు. ప్లేటు తీసి పెట్టిన ఆనవాళ్ళు ఉన్నాయి, అంతే. 2022లో రాష్ట్రం చట్టం మార్చి పాత కార్ల రీస్టోరేషన్‌కు మినహాయింపు ఇచ్చాకే బండి తిరిగి వచ్చింది.

మన దగ్గర కార్వెట్లు లేకపోయినా ఈ ముడి ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు కార్లకు, బైకులకు ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, పొడిగింపుకు 5,000. షరతు ఏమిటంటే బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజిన్‌లో గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళలో మిగిలిన అంబాసిడర్లు, జీపుల్లో చాలావాటికి పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ వేయించారు, అప్పటి ఖర్చు లెక్కలో అది సబబే. అలాంటి బండి మీద డబ్బు పెట్టేముందు ఆర్సీలోని ఇంజిన్ నంబరును బ్లాక్ మీదున్న దానితో పోల్చుకోవాలి. ఇంజిన్ మార్పు ఆర్సీలో ఎక్కిందా, ఎక్కకుండా నడిపారా అన్నది ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. పాత పెట్రోల్ బ్లాక్ ఏ మెకానిక్ షెడ్డులోనో పడి ఉంటే, నంబరు ఆర్సీతో కలిస్తే, సిలిండర్ పగిలి ఉన్నా సరే దాన్ని పాత ఇనుముకు పోనివ్వకుండా తెచ్చుకోవాలి. పగిలిన బోరుకు స్లీవ్ వేయించవచ్చు.