నాలుగో డౌన్: తన్నాలా, తెగించాలా?

1995 డిసెంబర్ 10, ఫిలడెల్ఫియా. చలి, దానికి తోడు ఈదురుగాలి. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లు డాలస్ కౌబాయ్స్, ఫిలడెల్ఫియా ఈగల్స్ 17-17తో సమంగా ఉన్నాయి. ఆట ముగియడానికి ఇంకో రెండు నిమిషాలు. బంతి కౌబాయ్స్ చేతిలోనే ఉంది, కానీ వాళ్ల సొంత గోల్ గీతకు 29 గజాల దూరంలోనే. నాలుగో డౌన్, అంటే చివరి ప్రయత్నం, కావాల్సింది ఒక్క గజం. అలాంటి చోట ఎవరైనా బంతిని దూరంగా తన్నేస్తారు. కోచ్ బ్యారీ స్విట్జర్ తన్నించలేదు. బంతిని ఎమ్మిట్ స్మిత్‌కి ఇచ్చి ఎడమవైపు దూసుకెళ్లమన్నాడు. ఈగల్స్ ఆటగాళ్లు అక్కడికక్కడే ఆపేశారు.

అయితే బంతి కదిలేలోపే రెండు నిమిషాల హెచ్చరిక (చివరి రెండు నిమిషాల ముందు ఆటకు ఇచ్చే విరామం) పడిందని రిఫరీలు ఆ ప్రయత్నాన్ని లెక్కలోంచి తీసేశారు. స్విట్జర్‌కి అనుకోకుండా ఇంకో అవకాశం దొరికింది. ఆయన మళ్లీ అదే ఎత్తుగడ వేయించాడు. మళ్లీ అదే మనిషి, అదే వైపు, అదే ఫలితం. ఈగల్స్ ఫీల్డ్ గోల్ కొట్టి 20-17తో గెలిచారు. ఆ సీజన్‌లో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది ఆ కౌబాయ్సే. అయినా స్విట్జర్ పేరు చెప్పగానే చాలామందికి ఈ రెండు ప్రయత్నాలే గుర్తొస్తాయి. కోచ్‌లు దశాబ్దాల పాటు నాలుగో డౌన్‌లో ఎందుకు భయపడ్డారో అర్థం కావాలంటే ఈ ఒక్క సాయంత్రం చాలు.

ఇది మనకు అలవాటైన ఫుట్‌బాల్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్. బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. నాలుగింటిలో పది గజాలు ముందుకెళితే మళ్లీ నాలుగు కొత్తగా వస్తాయి, లేకపోతే ఆగిన చోటే బంతి ప్రత్యర్థికి పోతుంది. అందుకే మూడు అయిపోయాక కోచ్ ముందు మూడు దారులు మిగులుతాయి: బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థిని వెనక్కి నెట్టడం (పంట్), దగ్గర్లో ఉంటే గోల్ స్తంభాల మధ్యకి తన్ని మూడు పాయింట్లు తెచ్చుకోవడం (ఫీల్డ్ గోల్), లేదా తెగించి ఆడటం.

ఈ నియమం మొదటి నుంచీ లేదు. 1881లో యేల్, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ జట్లు చెరో సగం ఆటంతా బంతిని వదలకుండా పట్టుకుని కూర్చున్నాయి. చూసేవాళ్లకు విసుగెత్తింది. దాంతో మరుసటి ఏడాది వాల్టర్ క్యాంప్ చొరవతో మూడు డౌన్లలో ఐదు గజాలు వెళ్లాలన్న నియమం వచ్చింది. 1906లో ఐదు గజాలు పదయ్యాయి. నాలుగో డౌన్ చేరింది 1912లో. అంటే అది ఆడటానికి ఇచ్చిన ప్రయత్నమే. దాన్ని తన్నడానికి వాడుకోవడం కోచ్‌లు చేసుకున్న అలవాటు.

ఆ అలవాటును మొదట లెక్కలతో చూసినవాళ్లలో ఒక ఆటగాడు ఉన్నాడు. వర్జిల్ కార్టర్ సిన్సినాటి బెంగాల్స్ జట్టులో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని ఆట నడిపించేవాడు. ఆయన, ప్రొఫెసర్ రాబర్ట్ మాకోల్ కలిసి 1969 సీజన్‌లోని వేల డౌన్లను కంప్యూటర్‌కి ఎక్కించి, 1971లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. మైదానంలో ఏ చోట బంతి చేతిలో ఉంటే సగటున ఎన్ని పాయింట్లు వస్తాయన్నది ప్రశ్న. ప్రత్యర్థి గోల్ గీత ముందు దాదాపు ఆరు. సొంత గోల్ గీత దగ్గరైతే సున్నా కన్నా తక్కువ, అంటే బంతి మన దగ్గరున్నా తర్వాతి పాయింట్లు ఎదుటివాళ్లకే రావచ్చు. ఒక్కసారి ఇది తెలిస్తే ఫీల్డ్ గోల్ మూడు పాయింట్లు అంత గొప్పగా కనిపించవు. ప్రత్యర్థి గోల్ గీత ముందు ఆడి విఫలమైనా, వాళ్లు ఆ ఇరుకులోంచి మొదలుపెట్టాలి. అది కూడా మనకు లాభమే.

ఈ లెక్క 1971లోనే ఉంది. ముప్పై ఏళ్ల పాటు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

2002లో బర్కిలీ ఆర్థికవేత్త డేవిడ్ రోమర్ మళ్లీ అదే ప్రశ్న తీశాడు. 1998 నుంచి 2000 దాకా ఎన్‌ఎఫ్‌ఎల్ (ఈ జట్లన్నీ ఆడే లీగ్) మ్యాచ్‌ల మొదటి క్వార్టర్లు, అంటే మొదటి పావు భాగాలు చూశాడు. తెగించడమే మేలని లెక్క చెప్పిన సందర్భాలు వెయ్యికి పైగా తేలాయి. వాటిలో పదింటికి తొమ్మిదిసార్లు కోచ్‌లు తన్నించారు. నా ఉద్దేశంలో ఇది తెలివితక్కువతనం కాదు. పంట్ చేసి ఓడితే ఓటమి జట్టుది. తెగించి ఓడితే ఓటమి కోచ్‌ది. ఉద్యోగం పోయేది కోచ్‌కే కాబట్టి ఆయన తన లెక్క తాను వేసుకున్నాడు.

ఆ పత్రాన్ని న్యూ ఇంగ్లండ్ కోచ్ బిల్ బెలిచిక్ చదివాడు. ఆయన కాలేజీలో చదివిందీ ఆర్థికశాస్త్రమే. 2009 నవంబర్‌లో ఇండియానాపొలిస్‌లో 34-28 ఆధిక్యం, మిగిలింది రెండు నిమిషాల పైచిలుకు, సొంత 28 గజాల గీత, నాలుగో డౌన్, రెండు గజాలు కావాలి. ఎదుటి జట్టు కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్. పంట్ చేస్తే బంతి మానింగ్ చేతికి వెళుతుంది, ఆ రెండు గజాలు వస్తే ఆట దాదాపు ముగిసినట్టే. బెలిచిక్ ఆడించాడు. పాస్ అందుకున్న కెవిన్ ఫాక్ కొద్దిలో ఆగిపోయాడు. కోల్ట్స్ 35-34తో గెలిచారు. తర్వాత కూర్చుని లెక్కలు కట్టిన విశ్లేషకులు చాలామంది బెలిచిక్ వైపే నిలబడ్డారు. కానీ టీవీల్లో, పేపర్లలో తిట్లు మాత్రం గట్టిగా పడ్డాయి. అప్పటికే మూడు సూపర్ బౌల్స్ గెలిచిన మనిషికే ఇలా అయితే, మొదటి ఏడాది కోచ్ ఏ ధైర్యంతో తెగిస్తాడు?

స్విట్జర్‌ని ఓడించిన ఫిలడెల్ఫియాయే చివరికి గాలి మార్చింది. 2018 ఫిబ్రవరిలో సూపర్ బౌల్. ఈగల్స్ 15-12 ముందున్నారు, మొదటి సగం ముగియడానికి 38 సెకన్లు, గోల్‌కి ఒక్క గజం, నాలుగో డౌన్. మూడు పాయింట్లు చేతికందేంత దగ్గర్లో ఉన్నాయి. కోచ్ డగ్ పీడర్సన్ వద్దనుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ సైడ్‌లైన్‌కి వచ్చి ఒక ఎత్తుగడ పేరు చెప్పి, అది ఆడదామా అని అడిగాడు, పీడర్సన్ ఒక్క క్షణం ఆగి సరేనన్నాడు. బంతి రెండు చేతులు మారి ట్రే బర్టన్‌కి చేరింది, అతను విసిరితే గోల్ గీత అవతల ఎండ్ జోన్‌లో ఒంటరిగా నిలబడ్డ ఫోల్సే పట్టుకున్నాడు. ఈగల్స్ 41-33తో గెలిచారు. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్న ఆ క్షణమే ఇప్పుడు స్టేడియం బయట కంచు విగ్రహంగా ఉంది.

అక్కడి నుంచి నింద దిక్కు మారింది. 2021 జనవరిలో గ్రీన్ బే 31-23తో వెనకబడి ఉంది, రెండు నిమిషాలు మిగిలాయి, నాలుగో డౌన్, గోల్‌కి ఎనిమిది గజాలు. కోచ్ మ్యాట్ లఫ్లూర్ ఫీల్డ్ గోల్ కొట్టించాడు. ఆ తర్వాత ఎదుటి జట్టు టాంపా బే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ బంతిని మళ్లీ వాళ్లకి దక్కనివ్వలేదు. ఈసారి తిట్లు తన్నించినందుకు పడ్డాయి.

ఇప్పుడు జట్లు మ్యాచ్‌కి ముందే పట్టికలు సిద్ధం చేసుకుంటాయి: ఎక్కడ, ఎన్ని గజాలకు, ఎంత టైమ్ ఉంటే ఆడాలి అని. గాలి, కిక్కర్ కాలి బలం, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ ఎవరు అన్నవి కోచ్ కలుపుకుంటాడు. బయటికి పెద్దగా కనిపించని మార్పు ఇంకొకటి ఉంది. నాలుగోది ఆడతామని ముందే అనుకుంటే మూడో డౌన్ ఆటే మారిపోతుంది. ఆరు గజాలు కావాల్సిన చోట ఆరూ ఒకేసారి తేవాల్సిన టెన్షన్ ఉండదు. నాలుగు తెచ్చుకున్నా సరిపోతుంది.

2024 జనవరిలో డెట్రాయిట్ లయన్స్ సగం ఆటకు 24-7తో ముందుండి, 34-31తో శాన్ ఫ్రాన్సిస్కో చేతిలో ఓడారు. రెండో సగంలో కోచ్ డాన్ క్యాంప్‌బెల్ రెండుసార్లు ఫీల్డ్ గోల్ వదిలి తెగించాడు, రెండుసార్లూ దక్కలేదు. మొదటిసారి పాస్ జాష్ రేనాల్డ్స్ చేతికి తగిలి మరీ జారింది. పట్టి ఉంటే ఆ నిర్ణయం గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఆ నిర్ణయాలకు చింతించడం లేదని క్యాంప్‌బెల్ ఆ రాత్రే చెప్పాడు. తర్వాతి సీజన్‌లోనూ నాలుగో డౌన్‌లో తెగించడం మానలేదు. ఆ ఏడాది లీగ్ దశలో లయన్స్ 15 గెలిచి రెండే ఓడారు.