కొట్లో బస్తాలు, వంటింట్లో డబ్బా

ఒంగోలు

కావలిలో పిల్లలిద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మీ పాత 2 టీబీ హార్డ్‌డిస్కుకి కొత్త 256 జీబీ ఎస్‌ఎస్‌డీని (చిప్పుల్లో డేటా దాచే డ్రైవుని) జోడించి లినక్సు ఆపరేటింగ్ సిస్టంని వేగంగా నడపడం ఎలాగని అడిగారు. ముందు ఆ డిస్కు ఎందుకు నత్తనడక నడుస్తుందో చూడండి. అది నిమిషానికి 7200 సార్లు తిరిగేదైతే చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన చోటు హెడ్డు (డేటా చదివే మొన) కిందికి రావడానికి సగటున అర చుట్టు, హెడ్డు జరగడానికి ఇంకో ఎనిమిదో తొమ్మిదో. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకి నూరు చదవడమే గగనం. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, వేలకి వేలు చదివేస్తుంది. వరసగా ఉన్న పెద్ద సినిమా ఫైలుకి మాత్రం పాత డిస్కే చాలు.

మొలగొలుకుల బియ్యం బస్తాలు కొట్లో ఉన్నా, వారానికి సరిపడా డబ్బాలో పోసుకుంటాం కదా. తరచూ వాడే డేటా నకలుని ఎస్‌ఎస్‌డీలో ఉంచుకోవడం, అంటే క్యాషింగ్, అదే. మీ డిస్కు ఎల్‌వీఎం (డిస్కుల చోటుని గ్రూపుగా కలిపి పంచే లినక్సు ఏర్పాటు) మీదే ఉంది కాబట్టి ఫార్మాట్ చేసే పనిలేదు. అయినా బ్యాకప్ తీశాకే మొదలుపెట్టండి.

టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండుకి -o NAME,ROTA తగిలించి కొట్టి 'రోటా' గడి చూడండి: 1 అంటే తిరిగేది, 0 అంటే ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎస్‌డీలో 100 జీబీ పార్టిషన్ (విడి భాగం) విడదీసి, పీవీక్రియేట్‌తో దాన్ని ఎల్‌వీఎంకి సిద్ధం చేసి, ఆపైన వీజీఎక్స్‌టెండ్‌తో పాత గ్రూపులోనే కలపండి. వేరే గ్రూపులో ఉంటే కుదరదు. తర్వాత ఎల్‌వీక్రియేట్‌తో క్యాష్‌కి చోటు కేటాయించండి. సైజు 100 అని రాస్తే చోటు చాలదంటుంది, ఎల్‌వీఎం తన లెక్కలకి కాస్త తీసుకుంటుంది మరి, 99 రాయండి. ఆ కమాండు చివర ఎస్‌ఎస్‌డీ పార్టిషన్ పేరు రాయడం మరిచారో, పాత డిస్కులో ఖాళీ ఉంటే క్యాష్ అక్కడే కూర్చోవచ్చు. డబ్బాని కూడా కొట్లోనే పెట్టుకున్నట్టు! ఆఖరున ఎల్‌వీకన్వర్ట్‌తో క్యాష్‌నీ, పాత డిస్కు మీది డేటానీ ముడివేయాలి.

అక్కడ మోడ్ రైట్‌త్రూ అనే ఉండనీండి. అందులో రాసిన ప్రతిదీ డిస్కుకి కూడా చేరాకే పని అయినట్టు లెక్క. రైట్‌బ్యాక్ రాతల్లో ఇంకా వేగమే, కానీ కొంత డేటా ఎస్‌ఎస్‌డీలో మాత్రమే ఉంటుంది. అది చచ్చిందంటే డిస్కు మీది ఫైల్‌సిస్టం (ఫైళ్ల అమరిక) కూడా చెడవచ్చు. ఒకే ఒక్క ఎస్‌ఎస్‌డీతో ఆ సాహసం వద్దు నాయనా.

మొదటి రోజు తేడా కనపడకపోతే కంగారుపడొద్దు, డబ్బా నిండాలిగా. నాలుగు రోజులు వాడి ఎల్‌వీఎస్‌లో రీడ్ హిట్లు (డబ్బాలో దొరికినవి), మిస్సులు (దొరకనివి) చూసి నాకు రాయండి. ఎస్‌ఎస్‌డీ పీకాలనిపిస్తే ముందు ఎల్‌వీకన్వర్ట్‌లో అన్‌క్యాష్ ఇచ్చి, అది పూర్తయ్యాక వీజీరెడ్యూస్‌తో ఎస్‌ఎస్‌డీని గ్రూపులోంచి తప్పించాకే స్క్రూ డ్రైవర్ పట్టుకోండి.

మీ తాతయ్య