పాత పత్రికల వేట: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ఒంగోలు ప్రాంతపు పాత పత్రికల కోసం రీసెర్చ్ విద్యార్థులు, ఊరి చరిత్ర రాసుకునే పెద్దలు మా గ్రంథాలయానికి వస్తుంటారు. చాలామంది సగంలోనే వదిలేస్తారు. ముందే మనసులో పెట్టుకున్న కొన్ని నమ్మకాలే వాళ్లకు అడ్డం పడుతున్నాయి.

అపోహ: సంచికలు దొరక్కపోతే ఆ పత్రిక చరిత్ర పోయినట్టే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. 1867 నాటి ప్రెస్సు, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పత్రిక అచ్చువేసేవారు, ప్రచురించేవారు మేజిస్ట్రేటు ముందు డిక్లరేషన్ ఇవ్వాల్సి ఉండేది. అచ్చయిన పుస్తకాల వివరాలను ప్రభుత్వం మూడు నెలలకోసారి గెజెట్‌లో వేసేది. మాసపత్రికలు కూడా ఆ జాబితాల్లో కనిపిస్తాయి. అందులో ఒక్క వరుస చదివితే పత్రిక పేరు, భాష, అచ్చయిన ఊరు, ప్రింటరు, ప్రచురణకర్త, పేజీలు, సైజు, వేసిన కాపీలు, వెల అన్నీ తెలుస్తాయి. సంచికే చేతిలో ఉన్నా కాపీల లెక్క సాధారణంగా అందులో దొరకదు!

ఇంకో దారి కూడా ఉంది. దేశభాషా పత్రికల్లో ఏం రాస్తున్నారో మద్రాసు ప్రభుత్వం ఇంగ్లిష్‌లో సారాంశాలు రాయించుకునేది. ఆ నివేదికలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో చూడొచ్చు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ప్రభుత్వానికి పనికొస్తుందనుకున్న ముక్కనే అనువాదకుడు ఎత్తి రాశాడు. నివేదికలో ఒక సంగతి లేదు కాబట్టి పత్రిక దాని గురించి రాయలేదని తేల్చేయకండి.

అపోహ: ప్రకాశం జిల్లా పత్రికల సమాచారం ఒంగోలులోనే ఉంటుంది.

ఆ జిల్లా పుట్టిందే 1970లో. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉండి, తర్వాత గుంటూరుకు వెళ్లింది. కందుకూరు, కనిగిరి 1970 వరకు నెల్లూరులోనే ఉన్నాయి. మార్కాపురం, గిద్దలూరు అప్పటిదాకా కర్నూలువి. ముందు ఆ ఏడాదికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో చూసుకుని, ఆ జిల్లా రికార్డులు అడగండి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలకు పేరున్న గ్రంథాలయం. ఇప్పుడది బాపట్ల జిల్లా అయింది కదా అని జాబితాలోంచి తీసేయొద్దు. ఇక ప్రకాశం పంతులు ఒంగోలు ప్రాంతంవారే అయినా ఆయన 'స్వరాజ్య' వచ్చింది మద్రాసు నుంచి.

అపోహ: పాత కాలంలో పత్రికలన్నీ మద్రాసువే, మన వైపు ఏమీ లేవు.

పూండ్ల రామకృష్ణయ్య 1885లోనే నెల్లూరు నుంచి 'అముద్రిత గ్రంథచింతామణి' మాసపత్రిక మొదలుపెట్టారు. అచ్చుకాని కావ్యాలను వెలుగులోకి తెచ్చిన ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. తర్వాతి కాలంలో వెంకటగిరి జమీను రైతుల పోరాటంతో ముడిపడి 'జమీన్ రైతు' వచ్చింది.

అపోహ: అట్ట మీద తెలుగు సంవత్సరం ఉంటే ఇంగ్లిష్ సంవత్సరం తేలిగ్గా రాసేయొచ్చు.

పార్థివ నామ సంవత్సరం 1885లో వచ్చింది, మళ్లీ 1945లోనూ వచ్చింది. పైగా తెలుగు ఏడాది ఉగాదితో మొదలవుతుంది. కాబట్టి ఆ మొదటి పార్థివలో మాఘమాసపు సంచిక పడేది 1886లో. ఒక సంచికను మరో ఏడాదికి నెట్టేసిన వ్యాసాలు నేను చాలానే చూశాను. సంపుటి సంఖ్యను బట్టి మొదటి ఏడాది లెక్కగట్టడమూ ప్రమాదమే, మధ్యలో పత్రిక ఆగి ఉండొచ్చు.

అపోహ: అన్నీ స్కాన్ అయిపోయాయి, ఇంట్లో కూర్చుని వెతికితే చాలు.

స్కాన్ అయినవి కొన్నే. అక్కడా 'వెంకటగిరి' అని కొడితే 'వేంకటగిరి' అని అచ్చయిన పేజీ రాకపోవచ్చు. అరసున్నలు, బండి ఱలతోనూ ఇదే తంటా. బైండింగ్ చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనలు తీసేయడం మామూలే. చందా ధర, ప్రెస్సు పేరు చాలాసార్లు ఆ అట్ట మీదే ఉంటాయి. అందుకే ఒక సంపుటి దొరికినా, విడి సంచికలున్నాయా అని తప్పకుండా అడగండి.

పాత కాగితం చాలాసార్లు నడిమి మడత దగ్గర విరుగుతుంది, అక్కడి వరుస అక్షరాలతో సహా రాలిపోతుంది. పేజీని మూల పట్టుకుని లాగొద్దు, కింద దళసరి అట్ట పెట్టి రెండు చేతులతో తిప్పండి. జిరాక్సు అడగొద్దు. అనుమతి తీసుకుని ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో ఫొటో తీసుకోండి, మొదటి ఫొటో మాత్రం పత్రిక పేరు, తేదీ కనిపించే పేజీదే కావాలి.