మన జన్యువులు మరొకరి చేతిలో పడితే

బెంగళూరులో నెలకొకసారి కలుసుకునే మా తెలుగు పాఠకుల బృందంలో ఈమధ్య సైన్స్ ఫిక్షన్ మీద చర్చ జరిగినప్పుడు ఒక వైద్య విద్యార్థిని ఇలా అడిగింది: "గ్రహాంతరవాసులెవరో వచ్చి, మనల్ని అడక్కుండానే మన శరీరాల్లో ఏదో మార్పు చేసి, దానివల్ల మన పిల్లలకు కేన్సర్ రాకుండా పోతే అందులో తప్పేముందండీ? టీకా వేసేటప్పుడు పసిబిడ్డను అడుగుతున్నామా?" ఇటువంటి చర్చలన్నీ సాధారణంగా వచ్చినవాళ్ల ఉద్దేశం మంచిదా, చెడ్డదా అన్న దగ్గరే తిరుగుతాయి. నా దృష్టిలో ఉద్దేశం తరువాతి విషయం. ఆ మార్పు ఏ పద్ధతిలో తరతరాలకూ సాగుతుందన్నది ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే కొన్ని పద్ధతుల్లో కాదన్నవాళ్లకు చోటు మిగులుతుంది, కొన్నింటిలో మిగలదు.

అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1987లో రాసిన ‘డాన్’ నవలలోనూ దాని తరువాతి భాగాల్లోనూ గ్రహాంతరవాసులు అణుయుద్ధంలో మిగిలిన మనుషులను కాపాడతారు, కథానాయిక కేన్సర్‌ను నయం చేస్తారు, బదులుగా తమతో కలిసి సంకర సంతానాన్ని కనాలంటారు. ఒప్పుకోనివాళ్లను చంపరు, హింసించరు. వాళ్లకు పిల్లలు మాత్రం పుట్టరు. కాదనడానికి అనుమతి ఉంది గాని, ఆ కాదనడం ఒక్క తరంతోనే ముగిసిపోతుంది. ఈ షరతు రచయిత్రి ఊహించినదే అయినా, దాన్ని ఎవరి గర్భాన్నీ తాకకుండా అమలు చేయగల సాధనం ఒకటి ఈనాడు మన ప్రయోగశాలల్లోనే ఉంది. దాని పేరు జీన్ డ్రైవ్.

బడిలో మెండెల్ సూత్రాన్ని మూడుకు ఒకటి అన్న నిష్పత్తిగా బట్టీ పట్టించి వదిలేస్తారు. అందులో ఉన్న గొప్ప సంగతిని ఏ ఉపాధ్యాయుడూ చెప్పగా నేను వినలేదు. ఒక మనిషికి తల్లి నుంచి వచ్చిన జన్యువు ప్రతికీ, తండ్రి నుంచి వచ్చిన ప్రతికీ ఆ మనిషి బిడ్డలోకి చేరే అవకాశం సరిసమానంగా, సగం సగంగా ఉండటమే ఆ సంగతి. ఏ జన్యువుకూ పక్షపాతం లేని ఈ పంపకం మీదనే జీవపరిణామం చాలావరకు ఆధారపడి ఉంది. జీన్ డ్రైవ్ సరిగ్గా ఈ పంపకాన్నే తారుమారు చేస్తుంది.

ప్రతి కణంలోనూ ఒకే గ్రంథానికి రెండు తాళపత్ర ప్రతులు ఉన్నాయనుకుందాం, ఒకటి అమ్మ ఇచ్చినది, మరొకటి నాన్న ఇచ్చినది. ఒక ప్రతిలోని ఒకానొక ఆకు మీద "రెండో ప్రతిలో ఇదే చోటున ఉన్న ఆకును చించు" అని రాసి ఉంటే, కాస్-9 అనే ఎంజైము వెళ్లి దాన్ని చించుతుంది. ఏ ఆకును చించాలో దానికి చూపించేది సుమారు ఇరవై అక్షరాల ఆనవాలున్న ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ. చిరిగిన ఆకును చూసిన కణంలోని లేఖకుడు పాఠం ఏమై ఉంటుందో తెలుసుకోవడానికి చెక్కుచెదరకుండా ఉన్న మొదటి ప్రతిని తెరుస్తాడు, దానిలో ఉన్నది ఉన్నట్టుగా, ఆ చించమన్న ఆజ్ఞతో సహా, ఎత్తి రాస్తాడు. అండాలు, శుక్రకణాలు తయారయ్యే కణాల్లో ఇది జరిగితే, సగంమంది పిల్లలకే అందవలసిన మార్పు దాదాపు అందరికీ అందుతుంది. ఒక్కొక్కసారి లేఖకుడు మొదటి ప్రతిని చూడకుండా, చిరిగిన అంచులను ఒకటి రెండు అక్షరాలు పోయినా సరేనని అతికించేస్తాడు. అప్పుడు ఆ ఇరవై అక్షరాల ఆనవాలు చెరిగిపోయి, ఎంజైము ఆ ఆకును ఇక గుర్తుపట్టలేదు, ఆ ప్రతి తప్పించుకున్నట్టే. అందుకే రూపకర్తలు ఒక్క అక్షరం పోయినా అర్థం చెడిపోయే ఆకును, అంటే బతకడానికో సంతానానికో తప్పనిసరైన జన్యువును ఎంచుకుంటారు. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు అనాఫిలిస్ గాంబియే దోమలో డబుల్‌సెక్స్ అనే జన్యువును ఇలాగే ఎంచుకోగా, పంజరాల్లో పెంచిన దోమల జనాభా 7 నుంచి 11 తరాల్లో పూర్తిగా అంతరించింది. గ్రహాంతరవాసులు ఎంత దయగలవాళ్లైనా, ఈ పద్ధతి పట్టుకున్నాక, మన శరీరం తప్పించుకునే దారులన్నిటినీ ముందే మూసివేయవలసి వస్తుంది. నన్ను కలవరపెట్టేది ఇదే.

ఇప్పుడు లెక్క చూద్దాం. రెండు ప్రతులూ మార్పు లేనివైన మనిషి నుంచే మార్పు లేని ప్రతి తరువాతి తరానికి చేరుతుంది కాబట్టి, ఒక తరంలో అటువంటి ప్రతుల భాగం ఎంతో ఆ సంఖ్యను దానితోనే హెచ్చిస్తే తరువాతి తరంలో వాటి భాగం వస్తుంది. మొదట 99 శాతం ఉన్నవి 98, 96, 92, 85 ఇలా మెల్లగా తగ్గుతాయి. ఆరో తరానికి సుమారు 53, ఏడో తరానికి 28, ఎనిమిదో తరానికి 8, తొమ్మిదో తరానికి ఒక శాతం కూడా ఉండవు. దోమల్లో ఇది కొన్ని నెలల పని. మనిషికి తరం అంటే పాతికేళ్లనుకుంటే 225 ఏళ్లు పడుతుంది. మనం ఇప్పుడు ఆఖరి తరమైతే ఆరంభం ఇంచుమించు 1800లో, నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన రోజుల్లో జరిగి ఉండాలి. బళ్లారి, కడప రైతులను ఆనాడు ఎవరూ అడగలేదు. అయినా ఆ అధికారాన్ని వాళ్ల మునిమనవలు ఎదిరించి సాగనంపగలిగారు. రక్తంలో కలిసిన ఆజ్ఞను అలా సాగనంపే వీలు లేదు.

ఈ లెక్కలోనే మరో విషయం దాగి ఉంది. మార్పు వద్దనుకున్నవాళ్లు తమ సంతానానికి అది సోకకుండా చూసుకోవాలంటే, వద్దన్నవాళ్లనే పెళ్లాడాలి, వాళ్ల పిల్లలూ అలాగే చేయాలి. ఒక్క బయటి సంబంధం చాలు, ఆ శాఖ మొత్తం మారిపోతుంది. అంటే కాదనే హక్కు నిలవాలంటే ఒక కొత్త కులం పుట్టాలి. దాని ఖరీదు మనకు బాగా తెలుసు. ముఖ్యంగా స్వజాతి వివాహాల వల్ల, చిన్న మూలసమూహాల నుంచి పెరిగిన మన కులాల్లో అరుదైన అంతర్గత జన్యులోపాలు, అంటే తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడేవి, పోగుపడ్డాయని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ వారితో కలిసి 2009లోనే సూచించారు. ఒక ఉదాహరణ చూడండి. మత్తుమందు ఇచ్చేటప్పుడు కండరాలను సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు ప్రభావం మామూలుగా నిమిషాల్లో తగ్గిపోవాలి. దాన్ని విచ్ఛిన్నం చేసే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపించినవారిలో కండరాలు గంటల తరబడి కదలవు, అంతసేపూ ఊపిరి యంత్రం మీదే నడవాలి. ఈ లోపం మన వైశ్య సమాజంలో ఎక్కువగా కనిపిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి. స్వేచ్ఛ కోసం గిరిగీసుకున్నవాళ్ల మనవలకు ఇటువంటి జబ్బులు మిగలడం ఏ విధంగా చూసినా న్యాయం కాదు.

టీకా ప్రశ్నకు నా జవాబు ఇక్కడే ఉంది. టీకా ఆ బిడ్డతోనే ఆగిపోతుంది, పెరిగాక తన బిడ్డ విషయం తనే తేల్చుకుంటుంది. మంచి ఉద్దేశం ఉంటే చాలదని మన న్యాయస్థానమే చెప్పింది. 2010లో సెల్వీ వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు, నేరస్థులను పట్టుకోవడం కోసమే అయినా, సమ్మతి లేకుండా నార్కో పరీక్ష చేయరాదని తీర్పునిచ్చింది. కొన్ని గంటల మత్తుకే సమ్మతి కావలసినప్పుడు తొమ్మిది తరాల మాట ఏమిటి?

దోమల విషయంలో మనమే ఆ గ్రహాంతరవాసులం కదా అని కొందరు అంటారు. బెంగళూరులో ఇళ్ల సంపుల మూత తీసి టార్చి వేసి చూస్తే, అనాఫిలిస్ పిల్లపురుగులు నీటి పైపొరకు సమాంతరంగా, చాప పరిచినట్టు పడుకుని కనిపిస్తాయి. డెంగీ దోమ పిల్లల్లా తలకిందులుగా వేలాడవు. మన నగరాల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ స్టెఫెన్సైలో 2015లోనే కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు జీన్ డ్రైవ్‌ను పనిచేయించి చూపారు. మలేరియా ఏటా సుమారు ఆరు లక్షలమందిని, ఎక్కువగా ఆఫ్రికా పసిపిల్లలను, బలి తీసుకుంటోంది కాబట్టి ఈ ప్రయత్నాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. దోమ సమ్మతి ప్రసక్తి లేదు, కాని ఆ ఊరి జనం సమ్మతి తప్పకుండా కావాలి. ఒక ఇల్లు వద్దన్నా పక్కింటి సంపులోని దోమ గోడ దాటి వస్తుంది కాబట్టి, ఆ సమ్మతి ఊరంతా కూర్చుని ఇవ్వవలసినది.

జీన్ డ్రైవ్‌ను క్రిస్పర్‌తో, అంటే పైన చెప్పిన కాస్-9 కత్తిరింపు పద్ధతితో, చేయవచ్చని 2014లో ప్రతిపాదించినవారిలో ఒకరైన కెవిన్ ఎస్వెల్ట్, తరువాత దానికదే ఆగిపోయే రకాన్ని కూడా ప్రతిపాదించారు. అందులో మూడు లంకెలుంటాయి. మూడోది రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని వ్యాపింపజేస్తాయి, మూడోదాన్ని మాత్రం ఏదీ వ్యాపింపజేయదు. అది మెండెల్ చెప్పినట్టు సగం సగంగానే పంచబడుతూ కొన్ని తరాల్లో కనుమరుగవుతుంది, దాని వెనుకే రెండోదీ పోతుంది, ఆపైన మొదటిది తనంతట తాను వ్యాపించలేదు. మార్పు లేని ప్రతులు అప్పటికి జనాభాలో మిగిలే ఉంటాయి, వాటికి మళ్లీ సగం వాటా దక్కుతుంది. ఈ సాధనంతో వచ్చిన గ్రహాంతరవాసులు తమ పని కొనసాగాలంటే కొన్ని తరాలకొకసారి తిరిగి వచ్చి, అప్పుడు బతికి ఉన్నవాళ్లను అడగవలసి ఉంటుంది.