ఉత్తర కొరియాపై ఆంక్షలు: ఎగుమతి పత్రాలు చూసే మనిషి రాసిన అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో కూర్చుని ఎగుమతి పత్రాలు సిద్ధం చేయడం నా వృత్తి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకు సరుకు ఎక్కించినట్టు ఇచ్చే రసీదు), ఎల్‌సీ (కొనేవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం) నిబంధనలు అన్నీ సరిచూసి బ్యాంకుకు పంపుతాను. కొనేవాడి పేరు, ఓడ పేరు, రేవు పేరు ఆంక్షల జాబితాలో ఉన్నాయేమో చూడటం ఇందులో సగం పని. అందుకే టీవీలో క్షిపణి ప్రయోగం చూపించినప్పుడల్లా తెలిసినవాళ్లు నన్ను పట్టుకుంటారు. “అందరూ అన్నీ ఆపేశారంటారు, మరి వీళ్లకు డబ్బెక్కడిదండీ?” అని.

అపోహ: ఆ దేశంతో ఎవరూ ఏమీ కొనరు, అమ్మరు.

2006లో తొలి అణుపరీక్ష తరువాత భద్రతా మండలి 1718 తీర్మానంతో ఆంక్షలు మొదలుపెట్టింది. అప్పట్లో వాటి గురి ప్రధానంగా ఆయుధాల మీద, విలాస వస్తువుల మీద. అసలు బిగింపు 2016-17లో వచ్చింది. ఉత్తర కొరియా బొగ్గు, ఇనుము, చేపలు, రొయ్యలు, దుస్తులు ఎవరూ కొనకూడదన్నారు. 2017 డిసెంబరు నాటి 2397 తీర్మానం పెట్రోలు, డీజిలు వంటి శుద్ధి చేసిన చమురుకు ఏడాదికి 5 లక్షల బ్యారెళ్ల పరిమితి పెట్టింది. హెచ్‌ఎస్ కోడ్ అంటే ప్రపంచమంతా సరుకులను గుర్తించే అంకె; మొదటి రెండంకెలు అధ్యాయం. 72 నుంచి 83 దాకా ఉన్న లోహాలను, 84లోని యంత్రాలను ఆ దేశానికి పంపకూడదన్నది కూడా అందులోనే. మా జిల్లా తెరుబలిలో తయారయ్యే ఫెర్రోక్రోమ్ (ఉక్కు తయారీలో వాడే ఇనుము, క్రోమియం మిశ్రమం) కోడ్ 7202. అంటే బస్తాడు కూడా వెళ్లకూడదు.

అయినా తలుపులన్నీ మూసుకోలేదు. ఏడాదికి 40 లక్షల బ్యారెళ్ల ముడిచమురుకు అదే తీర్మానం అనుమతిస్తోంది. ఆ దేశ వాణిజ్యంలో 90 శాతానికి పైగా చైనాతోనే. మన దేశం 2017 ఏప్రిల్‌లో ఆహారం, మందులు తప్ప మిగతా వ్యాపారం ఆపేసింది కానీ ప్యాంగ్యాంగ్‌లో మన రాయబార కార్యాలయం ఇప్పటికీ ఉంది.

పనిలో పనిగా ఒక మాట. దేశాల కోడ్ జాబితాలో కేపీ ఉత్తర కొరియా, కేఆర్ దక్షిణ కొరియా. ఒకదాని కిందే ఒకటి ఉంటాయి. ఒక సంస్థలో కుర్ర గుమాస్తా తొందరలో పై వరుస నొక్కాడు. అసలు సరుకు వెళ్తున్నది దక్షిణానికే. బ్యాంకు బిల్లు ఆపేసి, పత్రాలన్నీ తిరగరాయించి, సంజాయిషీ లేఖ తీసుకున్నాకే డబ్బు వదిలింది.

అపోహ: పత్రాలు సక్రమంగా ఉంటే సరుకూ సక్రమమే.

నా వృత్తికే ఎసరు పెట్టే మాట అయినా చెప్పక తప్పదు: దొంగ సరుకుకే పత్రాలు ముచ్చటగా ఉంటాయి. 1999లో గుజరాత్‌లోని కాండ్లా రేవుకు ‘కూ వోల్ సాన్’ అనే ఉత్తర కొరియా ఓడ చక్కెరతో వచ్చింది. అందులోని పెట్టెలకు పత్రాల్లో రాసినది నీటిశుద్ధి యంత్రాలు. విప్పితే క్షిపణి విడిభాగాలు. 2016లో ఈజిప్టు పట్టుకున్న ‘జీ షున్’ ఓడలో ఇనుప ఖనిజం కింద 30,000 రాకెట్ గ్రెనేడ్లు దొరికాయి. పెట్టెల మీద నీటి పంపు విడిభాగాలని రాసి ఉంది. దీనికి తిరగబడిన కథా ఉంది. 2009లో అండమాన్ దగ్గర ఆపిన ‘మూ సాన్’ ఓడను మన కాకినాడకు తెచ్చి గాలిస్తే చక్కెర తప్ప ఏమీ కనబడలేదు.

ఇప్పుడు నడిసముద్రంలో ఒక ఓడ నుంచి మరో ఓడకు చమురు తోడుకుంటున్నారు. ఓడ ఆచూకీ చెప్పే పరికరం ఆపేస్తారు, ఓడ పేరు మారుస్తారు. ధాన్యం ధరలో తేడా వచ్చిన ఏడు మా ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో చెక్‌పోస్టు పెడితే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు తెలుసు. బస్తాలు ఆగవు, దారి మారుతుంది, మధ్యవాడి కమీషన్ పెరుగుతుంది. ఆంక్షల వల్ల కచ్చితంగా జరిగేది అదే. ఆ దేశం కొనేది ప్రియమవుతుంది, అమ్మేది చవకవుతుంది.

అపోహ: 1990ల కరువుకు ఆంక్షలే కారణం.

ఐక్యరాజ్య సమితి ఆంక్షలు మొదలైంది 2006లో. సోవియట్ యూనియన్ కూలి చవక చమురు, ఎరువులు ఆగిపోయాయి, 1995లో వరదలు వచ్చాయి, రేషన్ వ్యవస్థ చేతులెత్తేసింది. లక్షల మంది చనిపోయారు.

అపోహ: ఆహారం, మందులకు మినహాయింపు ఉంది కాబట్టి జనానికి బాధ లేదు.

ఆహారానికి ఉంది. పొలానికి నీళ్లు తోడే పంపు మాత్రం నిషేధమున్న 84వ అధ్యాయంలోకి వస్తుంది. సహాయ సంస్థ పంపాలన్నా ఆంక్షల కమిటీ అనుమతి కావాలి. అనుమతి వచ్చినా ఆ చెల్లింపు చేయడానికి ఏ బ్యాంకూ ముందుకు రాదు. అలాగని నేరమంతా ఆంక్షలదీ కాదు. కరోనా పేరుతో 2020 జనవరిలో పాలకులే సరిహద్దు మూసుకున్నారు. ఆ ఏడు చైనాతో వ్యాపారం సుమారు 80 శాతం పడిపోయింది.

అపోహ: బొగ్గు ఆపితే ఖజానా ఎండిపోతుంది.

ఇప్పుడు వాళ్ల గని ఇంటర్నెట్, తవ్వేవాళ్లు హ్యాకర్లు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు ఖాతా నుంచి దాదాపు 95 కోట్ల డాలర్లు కాజేయబోయారు. చివరకు మనీలా చేరినది 8.1 కోట్లు. డబ్బు చేరాల్సిన మనీలా బ్యాంకు శాఖ చిరునామాలో ‘జూపిటర్’ అనే వీధి పేరు ఉంది. ఇరాన్ ఆంక్షల జాబితాలోని ఒక ఓడల వ్యాపార సంస్థ పేరూ అదే. కంప్యూటర్ ఆ పేరు దగ్గర ఆగింది, మనుషులు తిరిగి చూశారు, చాలా చెల్లింపులు నిలిచిపోయాయి. పేర్ల తనిఖీ వట్టి తద్దినం అని విసుక్కునే మా వాళ్లకు ఈ కథే చెబుతాను. 2018 ఆగస్టులో పుణె కాస్మోస్ సహకార బ్యాంకు నుంచి సుమారు 94 కోట్ల రూపాయలు పోయాయి. ఆంక్షల అమలును గమనించే ఐరాస నిపుణుల బృందం దాన్నీ వీళ్ల ఖాతాలోనే రాసింది. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే క్రిప్టో సంస్థ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్లు పోయాయి. అది ఉత్తర కొరియా పనేనని అమెరికా ఎఫ్‌బీఐ ప్రకటించింది.

అపోహ: ఇంకాస్త బిగిస్తే ప్రభుత్వం కూలుతుంది.

దక్షిణాఫ్రికాను ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ 1985లో విదేశీ బ్యాంకులు అప్పులు పొడిగించబోమన్నప్పుడు దెబ్బ తగిలింది ఓటున్న శ్వేతజాతి వ్యాపారులకు. ప్యాంగ్యాంగ్‌లో భారం మోసేవాడికి ఓటు లేదు, ఓటున్నట్టు నటించేవాడికి భారం లేదు. 2009లో వాళ్ల కరెన్సీ వోన్‌ను మార్చారు: పాత వంద వోన్‌లకు ఒక కొత్త వోన్ అని ప్రకటించి, మార్పిడికి పరిమితి పెట్టారు. సంతల్లో అమ్ముకుని దాచుకున్నవాళ్ల సొమ్ము ఆవిరైంది. జనం గొణిగారు, ధరలు మండాయి, కొన్ని నెలలకే సంతలను మళ్లీ తెరవాల్సి వచ్చింది. బయటి ఒత్తిడికి లొంగని పాలకులు అడుగు వెనక్కి వేసింది అక్కడే. అందుకే ఆ దేశం రేపటి గురించి నేను ఆంక్షల కన్నా ఆ సంతలనూ, చైనానూ ఎక్కువ గమనిస్తాను.

ఇక రష్యా. 2024 మార్చిలో రష్యా వీటో వేయడంతో ఐరాస నిపుణుల బృందం గడువు ఏప్రిల్ 30తో ముగిసింది. జూన్‌లో పుతిన్ ప్యాంగ్యాంగ్ వెళ్లి ఒప్పందం చేసుకున్నారు. ఫోటోలతో, ఓడల నంబర్లతో ఆ బృందం ఇచ్చే నివేదికలే మా వృత్తివాళ్లకు పాఠ్యపుస్తకాలు. అవి ఆగాయి. 11 దేశాలు కలిసి వేరే బృందం పెట్టుకున్నాయి కానీ దానికి ఐరాస ముద్ర లేదు. పాత జాబితా ఇంకా అమల్లోనే ఉంది. కొత్త పేరు చేర్చాలంటే కమిటీలోని 15 దేశాలూ ఒప్పుకోవాలి, వాటిలో రష్యా ఒకటి.